పదకొండు పాయింటు ఏడు

తను చంపలేదన్న మాట రాయప్ప అనడం మానేశాడు. అని అని నోరు నొప్పెట్టి ఉంటుంది. ప్రమీలారాణి లాకప్పు ఊచల ముందు స్టూలు లాక్కుని కూర్చోగానే అతను అడిగింది ఒక్కటే, తోటలో చెట్లకి నీళ్ళు ఎవరు పెడుతున్నారని. పిందె మీదున్న చెట్టుకి తడి తప్పితే రాలిపోతుందట. ఊరంతా కలిసి ఉరికంబం ఎక్కించడానికి సిద్ధంగా ఉంటే, ఈ మనిషి దిగులేమో మామిడి పిందెల మీద. ప్రమీలారాణికి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. చివరికి కోపం వచ్చింది. ఆమెకి లోపల ఏది పుట్టినా బయటికి కోపంగానే వస్తుంది.

ఆమె బెజవాడలో ప్రైవేటు డిటెక్టివు. అంతకుముందు ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు ల్యాబు చూసుకునేది. ప్రిన్సిపాలుకీ ఆమెకీ పడక ఆ ఉద్యోగం వదిలేసింది. ఇప్పుడు పనిగట్టుకుని తిరువూరు రావడానికి కారణం రాయప్ప భార్య హన్నమ్మ. చదువుకునే రోజుల్లో హాస్టల్లో వండిపెట్టిన మనిషి. నిన్న సాయంత్రం ఆఫీసు గుమ్మంలో నిలబడి, "రాణమ్మా, మా ఆయన్ని ఉరి తీస్తారంట" అంది.

కేసు పైకి చూస్తే చాలా తేలిక. ఎ.కొండూరు దారిలో మామిడి తోట ఉన్న ఆసామి బసవపున్నయ్య, తన తోటలోనే మోటారు షెడ్డు గుమ్మంలో, పట్టపగలు తుపాకి దెబ్బకి చచ్చిపోయాడు. రాయప్ప ఆ తోటకి కాపలాదారు. ఎన్నికలొచ్చాయి కాబట్టి అప్పటికే లైసెన్సు తుపాకులన్నీ జమ అయిపోయాయి. ప్రతి ఎన్నికలకీ ఉండే తంతే అది. కోతులకీ అడవి పందులకీ ఆసాములు ఇళ్ళలో పెట్టుకునే తుపాకులు కొన్ని స్టేషనుకి చేరతాయి, మిగతావి లైసెన్సున్న మందుగుండు దుకాణంలో ఉంటాయి. మరి బయట మిగిలిన తుపాకి ఏదయ్యా అంటే, రాయప్ప గుడిసె చూరులో దొరికిన నాటు తుపాకి. దానికి లైసెన్సు లేదు. ఉత్త మందు కూరి కోతుల్ని బెదరగొడతానే తప్ప గుండు వేసి ఎరగనని అతను మొత్తుకున్నా ఎవరూ చెవిన పెట్టలేదు. పైగా శవంలోంచి తీసిన ఉక్కు గుండు సరిగ్గా ఆ గొట్టానికి సరిపోయే కొలతేనని నిపుణుడొకాయన కొలిచి రాసిచ్చాడు. మధ్యాహ్నం బస్సులో రాయప్పని కోర్టుకి తీసుకెళ్తున్నారు. అక్కడ ఆ కాగితం ఒకసారి మేజిస్ట్రేటు బల్ల మీద పడిందంటే, ఇక కాదనే నాథుడుండడు.

ప్రమీలారాణి ఆ రోజు ఏం జరిగిందో మళ్ళీ మొదట్నించీ చెప్పించింది. చివరి వరస చెట్ల కింద పాదులు చేసుకుంటున్నాడట. షెడ్డు వైపు నుంచి బసవపున్నయ్య గొంతు వినపడిందట.

"ఏమన్నారు? ఉన్నదున్నట్టు చెప్పు."

"'ఒరే, ఆ తుపాకి నీ దగ్గరికెట్లా వచ్చింది' అన్నారమ్మా. ఆ వెనకే పేలింది."

అవతలివాడు నోరెత్తలేదు. మనిషి కూడా కనపడలేదు. ఇతను చేతిలో పార అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చేసరికి అయ్యగారు గుమ్మానికి అడ్డంగా పడున్నారు. ఇదంతా ఎస్సైకి చెప్పాడట. ఆ 'ఒరే' నువ్వే కదరా అని ఎస్సై నవ్వాడట. అందుకని ఇక ఎవరికీ చెప్పదలచుకోలేదు, మేజిస్ట్రేటుగారి ఎదుటే చెప్తానని కూర్చున్నాడు.

ప్రమీలారాణికి ఒళ్ళు మండిపోయింది. కాపలావాడి చూరులో నాటు తుపాకి ఉన్న సంగతి ఆసామికి తెలియకుండా ఉంటుందా? అది చూసి ఆయన ఆశ్చర్యపోడు. ఆయన చూసింది తనకి బాగా తెలిసిన తుపాకి, అక్కడ ఉండకూడని తుపాకి. ఇంత చిన్న సంగతి ఆలోచించే తీరిక ఎవరికీ లేకపోయింది. ఎస్సైగారు ఎన్నికల బందోబస్తు మీద గంపలగూడెం వైపు వెళ్ళారు. స్టేషను చూసుకుంటున్నది హెడ్డు కానిస్టేబులు జోజప్ప. మంచివాడే గానీ నోట్లో మాట ఆగదు.

శవంలోంచి తీసిన గుండు ఒకసారి చూపించమంది ఆమె. అది లక్కతో సీలు వేసేశామండి, కోర్టువారు తప్ప ఇంకెవరూ విప్పకూడదన్నాడు జోజప్ప. పోనీ సీలు వేసే ముందు ఆ గుండుని ఆ గొట్టంలో వేసి చూశారా అంటే, తల గోక్కున్నాడు. గుండు ఆస్పత్రి వరండాలో కొలిచి అక్కడికక్కడే సీలు చేశారు, తుపాకి ఆ మర్నాడు గదా దొరికింది, ఇంక చూసేదేముందండి, నిపుణుడు రాసిచ్చాడు గదా అన్నాడు. ఒక మనిషి మెడకి ఉరితాడు పేనుతూ, తాడు ఎవరి మెడకి సరిపోతుందో చూసుకునే ఓపిక కూడా లేదు వీళ్ళకి. ఆమె ఆ మాట పైకే అంది. జోజప్ప నొచ్చుకోలేదు, తోట చూస్తానంటే తనే వెంట వచ్చాడు.

షెడ్డు చిన్నది. గుమ్మంలో రక్తం మీద ఇసక పోశారు. లోపల మోటారు, గోడకి స్టార్టరు బోర్డు, గుమ్మానికి ఎదురుగోడ వెంట పేర్చిన వేపపిండి బస్తాలు. పోలీసులు గుమ్మం దాకా వచ్చి శవాన్ని తీసుకుపోయారే తప్ప లోపల కాలు పెట్టినట్టు లేదు. ప్రమీలారాణి గుమ్మంలో నిలబడి, బసవపున్నయ్య నిలబడ్డ చోటే నిలబడి, వెనక్కి తిరిగి బస్తాల వైపు చూసింది. ఒక బస్తా కింద మాత్రం నేల మీద సన్నగా వేపపిండి కారి చిన్న కుప్పయింది. దగ్గరికెళ్ళి గోనె తడిమితే వేలు దూరేటంత చిల్లు తగిలింది. బస్తా ఇవతలికి లాగి తిప్పి చూశారు. వెనకవైపు గోనె చెక్కుచెదరలేదు. అంటే లోపలికి పోయిందేదో లోపలే ఉంది.

జోజప్ప బస్తా మూతి విప్పి గుమ్మరించాడు. ఆమె చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పిండిలో చేతులు పెట్టి వెతికింది. చేతికి చల్లగా తగిలింది ఉక్కు గుండు, గుండ్రంగా, నున్నగా, ఎక్కడా సొట్ట లేకుండా.

"ఇంకోటా?" అన్నాడు జోజప్ప. తర్వాత తనే గుర్తు తెచ్చుకున్నాడు. అడవి పందికైతే ఈ ప్రాంతంలో జంట గుండు కూరతారు, ఒకటి తప్పినా రెండోది తగులుతుందని. ఒకటి మనిషిలో దిగింది, రెండోది బస్తాలో దిగింది. నేల మీద పడ్డ గుప్పెడు పిండిని ఎవరైనా ఒక్క చూపు చూసి ఉంటే ఇది మొదటిరోజే దొరికేది. హన్నమ్మ బస్సెక్కి బెజవాడ రావాల్సిన పనే ఉండేది కాదు.

వాళ్ళు చేతులు దులుపుకుంటుండగా మోటారు సైకిలు చప్పుడైంది. వచ్చింది అంకారావు, బసవపున్నయ్య తమ్ముడు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఎండన పడి వచ్చారు, కొబ్బరి బొండాలు కొట్టిస్తానన్నాడు. ప్రమీలారాణి గుండుని గుప్పిట్లోనే ఉంచుకుని వద్దంది. అంకారావు చూపు పడున్న బస్తా మీదికి పోయి అక్కడే కాసేపు ఉంది. ఆ తర్వాత, రాయప్ప ఏమంటున్నాడని జోజప్పని అడిగాడు. అడగడమే తరువాయి, అతను ఏదో విన్నాడంటండీ, అంతా మేజిస్ట్రేటుగారితోనే చెప్తాడంటండీ, మధ్యాహ్నం బస్సులో తీసుకెళ్తున్నామండీ అని జోజప్ప మొత్తం అప్పజెప్పాడు. ఆమె కొరకొరా చూసినా అతనికి అర్థం కాలేదు.

"చెప్పనివ్వండి. నిజం బయటికి రావాలిగా" అన్నాడు అంకారావు. బండి తిప్పుకుని తిరువూరు వైపు వెళ్ళిపోయాడు. వీళ్ళిద్దరూ రోడ్డు మీద నిలబడి, బస్సు జాడ లేక, చివరికి ఒక ట్రాక్టరు ట్రక్కు మీద ఊళ్ళోకొచ్చి పడ్డారు.

కొలత రాసిచ్చిన నిపుణుడు వీరరాఘవయ్య. బస్టాండుకి ఎదురు వీధిలో మందుగుండు దుకాణం ఆయనదే. ఒకప్పుడు మిలటరీలో ఆయుధాల స్టోర్సులో పనిచేసొచ్చాడు. చుట్టుపక్కల ఎక్కడ తుపాకి పేలినా పోలీసులు ముందు ఆయన గుమ్మం తొక్కాల్సిందే. మొహాన విభూతి, బంగారు ఫ్రేము కళ్ళజోడు, తనకంటే తెలిసినవాడు ఈ భూమ్మీద లేడన్న ధీమా. రాయప్ప తుపాకి కూడా పరీక్ష కోసం ఇంకా ఆయన దుకాణంలోనే ఉంది.

ప్రమీలారాణి ఎవరో తెలియగానే ఆయన నవ్వాడు. వంటావిడ మాట పట్టుకుని ఇంత దూరం వచ్చారా అన్నాడు. కాలేజీలో పిల్లలకి పాఠాలు చెప్పుకోవడం వేరు, తుపాకి గొట్టం వేరు అన్నాడు. గొట్టం లోపలి కొలత చూసే ఉక్కు కడ్డీలు బల్ల మీద పరిచాడు, ఒక్కొక్క దాని మీదా అంకె చెక్కి ఉంది. పన్నెండు మిల్లీమీటర్ల కడ్డీ రాయప్ప గొట్టంలోకి సుఖంగా దిగింది, పన్నెండున్నర కడ్డీ మూతి దగ్గరే ఆగిపోయింది. గుండేమో పదకొండు పాయింటు ఏడు. గుడ్డ పేలిక చుట్టి కూరితే అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. ఇందులో వాదనేముందమ్మా అన్నాడు.

కడ్డీల దాకా తప్పేమీ లేదు. ఆమె అది ఒప్పుకుంది. గుండుని దేంతో కొలిచారని అడిగింది. ఆయన లోపలికి వెళ్ళి ముఖమల్ పెట్టెలోంచి వెర్నియర్ కాలిపర్సు తెచ్చాడు. ఈ మధ్యనే మద్రాసు నుంచి తెప్పించాడట, జిల్లాలో ఇలాంటిది ఇంకో దుకాణంలో లేదట.

ఆమె గుప్పిట విప్పి గుండు బల్ల మీద పెట్టింది. ఎక్కడ దొరికిందో జోజప్ప చెప్పాడు. వీరరాఘవయ్య మొహం ఒక్క క్షణం మారింది. అంతలోనే సర్దుకున్నాడు.

"కొలవండి. జోజప్ప గారి ఎదురుగా కొలవండి" అందామె.

ఆయన గుండుని కాలిపర్సు దవడల మధ్య పెట్టి బిగించాడు. కళ్ళజోడు పైకి నెట్టుకుని, బొటనవేలి గోరు స్కేలు మీద ఆనించి, వెలుతురుకి తిప్పి చూశాడు. "పదకొండు" అన్నాడు. తర్వాత చిన్న స్కేలు గీతల వెంట చూపు జరుపుకుంటూ వెళ్ళి, ఎక్కడ గీతకి గీత కలిసిందో చూసి, "పాయింటు ఏడు" అన్నాడు. కాలిపర్సు బల్ల మీద పెట్టి, ఇక చాలదా అన్నట్టు చూశాడు. అదే కొలత, ఆ గుండుకి తోడు గుండు, రెండూ రాయప్ప గొట్టంలోంచే వచ్చాయన్నాడు.

ప్రమీలారాణి ఆయన మొహం చూడలేదు. ఆయన గోరు ఎక్కడ ఆనిందో అదే చూసింది. చూసిన తర్వాత ఆమెకి కోపం తలకెక్కింది. ఫస్టియరు పిల్లలు ల్యాబులో మొదటివారం చేసే తప్పు. జడల పిల్లలు చేస్తే ఆమె నెత్తిన మొట్టికాయ వేసి ఊరుకునేది. ఇక్కడ దాని మీద ఒక మనిషి ప్రాణం వేలాడుతోంది.

"వీరరాఘవయ్య గారూ, పదకొండు అని ఎక్కడ చదివారు?"

ఇక్కడే అని ఆయన మళ్ళీ గోరు పెట్టాడు. జరిగే పలక అంచు మీద.

ఆమె జోజప్పని దగ్గరికి పిలిచి చూపించింది. పెద్ద స్కేలు కదలదు, దాని మీద చిన్న స్కేలు చెక్కిన పలక జరుగుతుంది. ఆ పలకకి అంచు ఉంటుంది. అంచు నుంచి కాస్త లోపలికి సున్నా గీత ఉంటుంది. చదవాల్సింది అంచు దగ్గర కాదు, సున్నా గీత దగ్గర. ఆ సున్నా పెద్ద స్కేలు మీద పన్నెండు దాటి నిలబడి ఉంది. అంచేమో ఇంకా పన్నెండు దాకా రాలేదు. గీత కలిసిన చోటు ఏడే, అది ఆయన సరిగ్గానే చూశాడు. కానీ గుండు పదకొండు పాయింటు ఏడు కాదు. పన్నెండు పాయింటు ఏడు.

"సరిగ్గా అరంగుళం" అందామె. "ట్రాక్టరు బేరింగుల్లో ఉండే గుండు. బజార్లో ఎక్కడైనా దొరుకుతుంది. పదకొండు పాయింటు ఏడు గుండు ఎక్కడ అమ్ముతారో చెప్పండి చూద్దాం. నేనూ కొనుక్కుంటాను."

ఒక్క మిల్లీమీటరు గదా అని నసిగాడు వీరరాఘవయ్య. మాటలెందుకని ఆమె రాయప్ప తుపాకిని నిటారుగా నిలబెట్టమంది. జోజప్ప నిలబెట్టాడు. ఆమె గుండుని గొట్టం మూతి మీద పెట్టింది. అది దిగలేదు. జోజప్ప అరచేత్తో గట్టిగా నొక్కాడు. గుండు మూతి మీదే కూర్చుంది, వెంట్రుకవాసి కూడా లోపలికి పోలేదు.

"మీరే అన్నారు, రెండూ ఒకే కొలతని. ఇది కొలిచినప్పుడు ఎంత తప్పుగా చదివారో, అది కొలిచినప్పుడూ అంతే తప్పుగా చదివారు. సీలు వేసిన గుండు కూడా ఇంతే లావుంటుంది. రాయప్ప గొట్టంలో అది పట్టదు" అంది ప్రమీలారాణి. "చదవడం రాకపోతే రాదని చెప్పడానికి ఏమైంది మీకు? పక్కనున్న హైస్కూలు సైన్సు మాస్టారిని పిలిస్తే వచ్చి చూసేవాడు గదా. ఆ మనిషికి భార్య ఉంది. రాత్రంతా ఆమె నా ఇంట్లో మంచం మీద కూర్చునే తెల్లవార్చింది. మీ ముఖమల్ పెట్టె పరువు కోసం ఆయన ఉరెక్కాలా?"

వీరరాఘవయ్య తిరగబడి అరుస్తాడనుకుంది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కళ్ళజోడు తీసి పంచెతో తుడిచాడు, మళ్ళీ పెట్టుకోలేదు. ఆ మొహంలో ఉన్నది సిగ్గు కాదు, భయం. తప్పు చదివినందుకు మనిషి అంతగా భయపడడు. ఆమెకి అప్పుడు అనుమానం వచ్చింది.

"ఈ గుండు పట్టే గొట్టం మీరు చూశారు. చూశారు కదూ?"

ఆయన దుకాణం వెనక గది వైపు చూశాడు. జమ చేసిన తుపాకులు ఉండే గది. జోజప్ప తాళం చెవి అడిగి తీసుకుని తలుపు తీశాడు. గోడకి కొయ్య స్టాండు, వరసగా తుపాకులు, ఒక్కోదానికీ మెడలో అట్ట చీటీ. వరస మధ్యలో ఒక ఖాళీ ఉంది. అక్కడ తుపాకి లేదు, దారం తెగిన చీటీ మాత్రం కింద పడుంది. చీటీ మీద బసవపున్నయ్య పేరు.

రాయప్ప విన్న మాటకి అర్థం అప్పుడు తెలిసింది. ఆయన చూసింది తన తుపాకినే. స్వహస్తాలతో తెచ్చి ఇక్కడ జమ చేసిన తుపాకి.

వీరరాఘవయ్య మెల్లగా చెప్పుకొచ్చాడు. ఎన్నికలయ్యే దాకా బయటికి ఇవ్వకూడదు, నిజమే. కానీ పెద్దింటివాళ్ళు, ఏళ్ళ తరబడి తెలిసినవాళ్ళు. కోతులు పిందెలన్నీ కొరికి పారేస్తున్నాయి, ఒక్కపూట ఇవ్వండి బాబాయ్, అన్నయ్యకి చెప్పొద్దు అని అంకారావు వచ్చి బతిమాలితే మొహమాటానికి పోయి ఇచ్చాడు. ఇలాంటి మొహమాటాలు ప్రతి ఎన్నికలకీ ఉండేవే, ఎవరికీ ఏమీ కాలేదు. సాయంత్రానికి తుపాకి తిరిగొచ్చింది. మర్నాడు హత్య సంగతి తెలిసి ఆయన గుండె జారిపోయింది. ఆస్పత్రి వరండాలో గుండు కొలవడం ఆయనకే పడింది. పదకొండు అని కనపడగానే, దేవుడా నా దుకాణంలోని తుపాకిది కాదు అనుకుని, రెండోసారి చూడకుండా రాసిచ్చేశాడు. బసవపున్నయ్య తుపాకి గొట్టం పదమూడు పైమాటే.

"మీ లైసెన్సు మిగిలిందనుకున్నారు. రాయప్ప సంగతి తలపుకే రాలేదు" అంది ప్రమీలారాణి.

ఆయన తల ఊపాడు. రాలేదమ్మా అన్నాడు. ఆ ఒప్పుకోలు విని ఆమెకి ఇంకా అసహ్యం వేసింది. కానీ తిట్టడానికి తీరిక లేదు. ఆ ఖాళీ స్టాండు ఆమె మనసులో గుచ్చుకుంటూనే ఉంది. సాయంత్రానికి తిరిగొచ్చిన తుపాకి ఇప్పుడిక్కడ ఎందుకు లేదు?

"మళ్ళీ ఎప్పుడు ఇచ్చారు?"

"ఇందాకే. మీరొచ్చే ముందు. బండి మీద వచ్చాడు. కాదంటే మొదటిసారి ఇచ్చిన సంగతి బయటపెడతానన్నాడు. గోనెపట్టాలో చుట్టుకుని, వెనక సందులోంచి ఎ.కొండూరు రోడ్డుకి పోయాడు."

జోజప్ప ఒక్క గంతులో వీధిలోకి వెళ్ళాడు. ఎదురుగా బస్టాండులో మధ్యాహ్నం బస్సు ఆగే చోటు ఖాళీగా ఉంది. చేతికి బేడీలతో రాయప్పా, పక్కన ఇద్దరు కానిస్టేబుళ్ళూ ఎక్కిన బస్సు అది. వెళ్ళేది కూడా ఎ.కొండూరు మీదుగానే. జోజప్ప వెనక్కి తిరిగి ఆమె వంక చూశాడు. పొద్దున తోటలో తనేం వాగాడో ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది.

ప్రమీలారాణి వీరరాఘవయ్య భుజం పట్టుకుని కుదిపింది. దుకాణం పక్కన ఆయన జీపుంది, తాళం చెవులు ఎక్కడున్నాయని అడిగింది. ఆయన లేచి గోడమేకు నుంచి తాళం చెవులు తీస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టుగా అన్నాడు:

"మందొక్కటే అడిగాడమ్మా. కోతులకైతే సీసం రవ్వలు కావాలిగా, తీసుకెళ్ళు అన్నాను. రవ్వలొద్దు, గుండు నా దగ్గర ఇంకోటుంది అన్నాడు."